పొరుగు గెలాక్సీ అని దేన్ని అనాలి?

పాలపుంతకు అన్నిటికంటే దగ్గరి గెలాక్సీ ఏది అన్న ప్రశ్నకు కనీసం నాలుగు జవాబులు చలామణీలో ఉన్నాయి. ఎక్కువమంది చెప్పేది ఆండ్రోమెడా. అది 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దక్షిణార్ధగోళపు ఆకాశంతో పరిచయం ఉన్నవారు పెద్ద మాగెలాన్ మేఘం పేరు చెబుతారు. దాని దూరం సుమారు 1,62,000 కాంతి సంవత్సరాలు. 1994 తరువాతి వార్తలను గమనించినవారు, సుమారు 80 వేల కాంతి సంవత్సరాల దూరంలో మన గెలాక్సీలోకే చొచ్చుకువస్తున్న ధనూరాశి మరుగుజ్జు గెలాక్సీని చూపుతారు. 2003లో ప్రకటించిన కేనిస్ మేజర్ నక్షత్రాల గుంపు సూర్యుడికి 25 వేల కాంతి సంవత్సరాల దూరంలోనే ఉందని, కనుక మొదటి స్థానం దానిదేనని ఇంకొందరు అంటారు.

ఈ జవాబుల్లో ఒకటి ఒప్పు, తక్కినవి తప్పు అని కొట్టిపారేయడానికి లేదు. పాలపుంతకు సాటిరాగల పెద్ద గెలాక్సీలను మాత్రమే లెక్కలోకి తీసుకుంటే ఆండ్రోమెడాయే దగ్గరిది. కంటికి కనిపించేవాటిలో మాగెలాన్ మేఘం దగ్గరిది. ఇక మిగిలిన రెండింటి విషయం, గెలాక్సీ అన్న మాటకు మనం ఏ అర్థం ఇస్తామన్నదాని మీద ఆధారపడుతుంది. ఆకాశంలో ఏ వస్తువూ తన దూరాన్ని గాని, జాతిని గాని మొహాన రాసుకుని కనిపించదు. ఒక మసక మచ్చను పొరుగు గెలాక్సీగా గుర్తించాలంటే అది ఎంత దూరంలో ఉంది, దాన్ని ఏది పట్టి ఉంచుతోంది, అది ఎవరి ఆకర్షణకు లోబడి ఉంది అనే మూడు విషయాలను విడివిడిగా కొలిచి తేల్చాలి. రూపాన్నిబట్టి చేసే వర్గీకరణ ఈ మూడింటి తరువాతే పనికివస్తుంది. మామూలు వివరణలు రూపంతోనే మొదలవుతాయి కాబట్టి చిక్కంతా అక్కడే పడుతుంది.

దూరంతోనే మొదలుపెడదాం. ఆండ్రోమెడా మచ్చను పర్షియాకు చెందిన అల్ సూఫీ క్రీ.శ. 964 నాటి తన నక్షత్ర గ్రంథంలోనే చిన్న మేఘంగా పేర్కొన్నారు. ఆ మేఘం మన గెలాక్సీలోని వాయువో, వేరే గెలాక్సీయో తేలడానికి మరో తొమ్మిదిన్నర శతాబ్దాలు పట్టింది. 1920 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో హార్లో షాప్లీ, హీబర్ కర్టిస్ అనే ఖగోళవేత్తలు ఈ విషయం మీదే వాదించుకున్నారు. ఇద్దరి దగ్గరా మంచి తర్కం ఉంది కాని, దూరం కొలిచే గట్టి సాధనం ఇద్దరి దగ్గరా లేదు.

ఆ సాధనం నిజానికి అప్పటికే తయారై ఉంది. హార్వర్డ్ వేధశాలలో ఫొటో ప్లేట్లను పరిశీలించే పనిలో ఉన్న హెన్రియెటా లెవిట్, చిన్న మాగెలాన్ మేఘంలోని 25 చరకాంతి తారలను పోల్చి చూసి, ఏ తార వెలుగు ఎంత నెమ్మదిగా హెచ్చుతగ్గులకు లోనవుతుందో ఆ తార అంత ప్రకాశవంతమైనదని 1912లో చూపారు. ఇక్కడ ఆమె ఎంచుకున్న చోటే ఆమె పరిశోధనకు ప్రాణం. ఆకాశంలో అక్కడక్కడ చెదిరి ఉన్న తారలను పోల్చితే, ఒకటి మసకగా కనిపించడానికి కారణం దాని దూరమో, దాని స్వభావమో చెప్పలేము. ఒకే మేఘంలో ఉన్న తారలన్నీ దాదాపు ఒకే దూరంలో ఉంటాయి కనుక, వాటి మధ్య కనిపించే తేడా నిజమైన తేడాయే అవుతుంది. ఈ తారలను సెఫీడ్లు అంటారు. కాంతి మారడానికి పట్టే రోజులను లెక్కిస్తే అసలు ప్రకాశం తెలుస్తుంది. అసలు ప్రకాశాన్ని కనిపించే ప్రకాశంతో పోల్చితే దూరం తెలుస్తుంది.

1923 అక్టోబరులో మౌంట్ విల్సన్‌లోని 100 అంగుళాల దూరదర్శినితో ఎడ్విన్ హబుల్ తీసిన ఆండ్రోమెడా ప్లేటు మీద, మొదట నోవా (ఉన్నట్టుండి మెరిసి మసకబారే తార) అని గుర్తుపెట్టిన ఒక చుక్క ఈ కోవకు చెందిన చరకాంతి తారే అని తేలింది. ప్లేటు మీది పాత గుర్తును కొట్టేసి, పక్కన చరకాంతి తార అని సూచించే మాట రాసి, ఆశ్చర్యార్థకం పెట్టిన హబుల్ చేతిరాత ఇప్పటికీ భద్రంగా ఉంది. ఆ తార 31 రోజులకోసారి వెలుగు మార్చుకుంటోంది. దాన్నిబట్టి ఆయన కట్టిన దూరం సుమారు 9 లక్షల కాంతి సంవత్సరాలు. పాలపుంత హద్దులకు అది ఎంతో అవతల కనుక వాదం ముగిసింది. కాని అంకె తప్పు. సెఫీడ్లలో రెండు రకాలున్నాయని, హబుల్ ఒక రకానికి చెందిన కొలబద్దతో మరో రకాన్ని కొలిచారని వాల్టర్ బాడే 1952లో ప్రకటించగా ఆ దూరం ఒక్కసారిగా రెట్టింపైంది. గెలాక్సీ అని సరిగ్గా గుర్తుపట్టిన వస్తువును కూడా మూడు దశాబ్దాలపాటు అసలు దూరంలో సగానికి లోపే ఉంచామన్నమాట.

హబుల్ చూసిన కోవకు చెందిన సెఫీడ్లు వయసులో చిన్నవి, బరువైనవి. కొత్త తారలు పుట్టడం మానేసిన గెలాక్సీలో అవి దొరకవు. మన పొరుగున ఉన్నవాటిలో అధిక భాగం అలాంటి ముసలి గెలాక్సీలే. అందుచేత వేరే కొలబద్దలు కావలసివచ్చాయి. ఆర్ఆర్ లైరే అనే పాత చరకాంతి తారలు ఒకటి. ఇంతకన్నా ఎక్కువగా వాడేది ఎర్ర రాక్షస తారల శిఖరాన్ని. సూర్యుడి వంటి తార వృద్ధాప్యంలో ఉబ్బి ఎర్రబడుతున్నకొద్దీ దాని ప్రకాశం పెరుగుతుంది. గర్భంలో పేరుకున్న హీలియం రాశి సూర్యుడి ద్రవ్యరాశిలో దాదాపు సగానికి చేరగానే ఒక్కసారిగా మండుతుంది, దానితో తార ప్రకాశం తగ్గిపోతుంది. ఈ హద్దు తక్కువ బరువున్న తారలన్నిటికీ దాదాపు ఒకటే. కాబట్టి ఒక గెలాక్సీలోని వేల ఎర్ర తారల ప్రకాశాలను లెక్కగడితే, ఒక చోట పైకప్పు తగిలినట్టు సంఖ్య హఠాత్తుగా పడిపోతుంది. ఆ పైకప్పు ఎంత మసకగా కనిపిస్తే గెలాక్సీ అంత దూరాన ఉన్నట్టు. ఏ తార ఎన్ని రోజులకు వెలుగు మారుస్తోందని నెలల తరబడి కాపు కాయనక్కరలేదు, రెండు రంగుల వడపోతలతో తీసిన మంచి చిత్రాలు చాలు. ఈ పద్ధతిలోని ఆ సౌలభ్యం నాకు చాలా ముచ్చటగా అనిపిస్తుంది.

అన్ని కొలబద్దలకూ ఆధారంగా నిలిచేది పెద్ద మాగెలాన్ మేఘం. భూమి కక్ష్యలో కదులుతున్నప్పుడు తార స్థానంలో కనిపించే స్వల్పమైన జరుగుడునుబట్టి దూరం కట్టే లంబన పద్ధతి అంత దూరంలో చాలా కష్టం. అక్కడి తార జరిగేది ఒక ఆర్క్ సెకనులో (అంటే డిగ్రీలో 3,600వ వంతులో) 50 వేలవ వంతు మాత్రమే. కనుక ఒకదాన్నొకటి కప్పుకుంటూ తిరిగే జంట తారలను ఆశ్రయించారు. గ్రహణాల వ్యవధినుబట్టి తారల సైజు, రంగునుబట్టి వాటి ఉపరితల ప్రకాశం తెలుస్తాయి. ఈ రెండింటి నుంచి అసలు ప్రకాశం వస్తుంది. ఇలాంటి 20 జంటలతో ఆ మేఘం దూరాన్ని 1 శాతం కచ్చితత్వంతో 2019లో నిర్ధారించారు.

దూరం తెలియకపోతే ఏం జరుగుతుందో చెప్పడానికి ఆండ్రోమెడా 4 కథ ఒక్కటి చాలు. 1972లో సిడ్నీ వాన్ డెన్ బెర్గ్ ఆండ్రోమెడా చుట్టూ వెతికి కొన్ని మసక మచ్చలను గుర్తించి, వాటికి వరసగా అంకెలు ఇచ్చారు. ఒకటి, రెండు, మూడు నిజంగానే ఆండ్రోమెడా చుట్టూ తిరిగే మరుగుజ్జులు. నాలుగోది మాత్రం ఎంతకూ లొంగలేదు. ఆండ్రోమెడా పళ్లెం అంచున ఉన్న తారల గుంపు అని కొందరు, ఉపగ్రహ గెలాక్సీ అని మరికొందరు భావించారు. చివరకు హబుల్ అంతరిక్ష దూరదర్శిని దానిలోని ఎర్ర తారలను విడివిడిగా చూపించాక, అది 2 కోట్ల కాంతి సంవత్సరాలకు పైగా దూరాన ఉన్న, ఆండ్రోమెడాతో ఏ సంబంధమూ లేని గెలాక్సీ అని తేలింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ రంగంలో పేర్లను నమ్ముకోకూడదు. ఆండ్రోమెడా 6 ఉన్నది పెగాసస్ రాశిలో, ఆండ్రోమెడా 7 ఉన్నది కాసియోపియాలో.

ఇప్పుడు రూపం సంగతి. హబుల్ 1926లో ప్రతిపాదించిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మెలికల చేతులున్నవి సర్పిల గెలాక్సీలు, వాటిలో మధ్యన కడ్డీ లాంటి నిర్మాణం ఉన్నవి వేరే శాఖ. నునుపుగా, గుడ్డు ఆకారంలో ఉన్నవి దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. ఇవి ఎంత సాగి ఉన్నాయో చెప్పడానికి ఈ0 నుంచి ఈ7 వరకు అంకెలున్నాయి. ఏ కోవకూ చెందనివి అక్రమాకార గెలాక్సీలు. ఈ లెక్కన మన పరిసరాల్లో పెద్ద సర్పిలాలు మూడే: పాలపుంత, ఆండ్రోమెడా, ట్రయాంగులమ్ రాశిలోని ఎం33. వీటిలో పాలపుంత రూపాన్ని నిర్ణయించడమే కష్టం, ఎందుకంటే మనం దాని లోపల కూర్చుని చూస్తున్నాం. మధ్యలో కడ్డీ ఉందన్న సంగతి ధూళిని దాటుకుని వచ్చే పరారుణ కాంతితో, వాయువుల కదలికలతో గాని నిర్ధారణ కాలేదు. పెద్ద మాగెలాన్ మేఘాన్ని చాలాకాలం అక్రమాకారమనే అన్నారు. దానిలోనూ ఒక కడ్డీ, ఒంటరి చేయి ఉన్నాయని గమనించి, ఆ తరహా గెలాక్సీలన్నిటికీ మాగెలాన్ పేరుతోనే ఒక ఉపవర్గాన్ని ఏర్పరిచారు. ఆండ్రోమెడా పక్కనే కనిపించే ఎం32 ఈ2 వర్గానికి చెందిన దీర్ఘవృత్తాకార గెలాక్సీ. అంత చిన్న గెలాక్సీ అంత దట్టంగా ఉండడం అసాధారణం కనుక, అది ఒకప్పటి పెద్ద గెలాక్సీ పైపొరలన్నీ ఊడిపోగా మిగిలిన గర్భం కావచ్చునని కొందరు పరిశోధకుల అభిప్రాయం.

ఇంతటితో హబుల్ పద్ధతికి ఇక్కడ పని అయిపోతుంది. పొరుగున తెలిసిన వంద దాకా గెలాక్సీల్లో పిడికెడు తప్ప అన్నీ మరుగుజ్జులే. వాటికి చేతులూ ఉండవు, కడ్డీలూ ఉండవు. వాటిని విడదీయడానికి ఆకారం కన్నా వాయువు మంచి గుర్తు. 21 సెంటీమీటర్ల రేడియో తరంగాన్ని వెలువరించే హైడ్రోజన్ ఉంటే, నీలి తారలూ మెరిసే నెబ్యులాలూ ఉంటే అది అక్రమాకార మరుగుజ్జు. 1884లో ఎడ్వర్డ్ బర్నార్డ్ కనుగొన్న ఎన్‌జీసీ 6822 ఇందుకు మంచి ఉదాహరణ. వాయువు జాడ లేకుండా, ముసలి తారలు మాత్రమే పలచగా పరచుకుని ఉంటే అది గోళాభ మరుగుజ్జు. షాప్లీ 1938లో ప్రకటించిన స్కల్ప్‌టర్, ఫోర్నాక్స్ ఈ రకంలో మొదటివి. ఈ రెండింటి నడుమ, కాస్త వాయువు మిగిలినా తారల పుట్టుక దాదాపు ఆగిపోయిన ఫీనిక్స్ వంటివి కూడా ఉన్నాయి.

ఈ విభజన ఉత్త లేబుల్ కాదనడానికి బలమైన కారణం ఒకటుంది. వాయువు లేని మరుగుజ్జులు దాదాపుగా పెద్ద గెలాక్సీల చుట్టూనే ఉంటాయి. వాయువున్నవి దూరంగా, ఒంటరిగా ఉంటాయి. పెద్ద గెలాక్సీని ఆవరించి ఉండే వేడి వాయువులోంచి ఈదుకుంటూ పోతున్నప్పుడు ఎదురుగాలి లాంటి ఒత్తిడి మరుగుజ్జులోని వాయువును ఊడ్చేస్తుంది. దానికి తోడు పెద్దదాని గురుత్వాకర్షణ తారలను కూడా లాగి చెదరగొడుతుంది. అంటే ఒక మరుగుజ్జు ఏ వర్గానికి చెందుతుందో చూస్తే, అది ఎవరి దరిదాపుల్లో కాలం గడిపిందో కొంతవరకు తెలుస్తుంది. దీనికి మినహాయింపులు లేకపోలేదు. మాగెలాన్ మేఘాలు రెండూ ఇంత దగ్గరగా ఉండి కూడా వాయువుతో నిండి ఉన్నాయి. సీటస్, టుకానా అనే గోళాభ మరుగుజ్జులు మాత్రం ఎవరికీ దగ్గరగా లేకుండానే వాయువును పోగొట్టుకున్నాయి. మేఘాల విషయంలో 2006 తరువాత ఒక వివరణ బలపడింది. హబుల్ దూరదర్శిని కొలిచిన వాటి వేగం అంతకుముందరి అంచనాలకన్నా బాగా ఎక్కువ. కనుక అవి కోట్ల ఏళ్లుగా మన చుట్టూ తిరుగుతున్నవి కావని, తొలిసారిగా ఇప్పుడే మన దగ్గరికి వస్తున్నాయని చాలామంది భావిస్తున్నారు. ఊడ్చే గాలికి ఇంకా సమయం చాలలేదన్నమాట.

ఇంతవరకు చెప్పినవి కంటికో ప్లేటుకో ఆనినవి. గత మూడు దశాబ్దాల్లో దొరికినవి అలాంటివి కావు. 1994లో రోడ్రిగో ఇబాటా, జెరార్డ్ గిల్మోర్, మైకేల్ ఇర్విన్ పాలపుంత నడిబొడ్డులోని తారల వేగాలను కొలుస్తుండగా, కొన్ని తారలు తక్కినవాటితో పొంతన లేని ఒకే వేగంతో కదులుతున్నట్టు గమనించారు. వాటిని మ్యాపు మీద గుర్తిస్తే ఒక పెద్ద గెలాక్సీయే బయటపడింది. అది పాలపుంత కేంద్రానికి అవతలివైపున, మనకూ దానికీ మధ్య కోట్ల తారలు అడ్డుగా ఉండగా దాగి ఉంది. ధనూరాశి మరుగుజ్జు అదే. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఆ గెలాక్సీ గుండెలో ఉన్న ఎం54 అనే గోళాకార నక్షత్ర గుచ్ఛాన్ని, అంటే బంతిలా గుమిగూడిన పాత తారల గుంపును, షార్ల్ మెస్యే 1778లోనే తన పట్టికకు ఎక్కించారు. అది మన గెలాక్సీ సొత్తే అని 216 ఏళ్లపాటు అందరూ అనుకున్నారు.

2005 నుంచి స్లోన్ డిజిటల్ ఆకాశ సర్వే చిత్రాలతో వెతుకులాట పద్ధతే మారిపోయింది. ఒకే గుంపులోని పాత తారలను రంగు, ప్రకాశాల పటం మీద గుర్తిస్తే అవి ఒక నిర్దిష్టమైన వంపు రేఖ మీద పడతాయి. గుంపు దూరం జరిగినకొద్దీ ఆ రేఖ ఆకారం చెడకుండా మసక వైపుకు జరుగుతుంది. కాబట్టి ఒక దూరాన్ని ఊహించుకుని, ఆ దూరంలో ఉంటే ఈ రేఖ మీద పడగల తారలను మాత్రమే ఉంచి తక్కినవాటిని తీసేస్తారు. మిగిలినవి ఆకాశంలో ఎక్కడైనా గుమిగూడి ఉన్నాయా అని చూస్తారు. తరువాత దూరాన్ని కాస్త పెంచి మళ్లీ అదే చేస్తారు. చిత్రాన్ని మామూలుగా చూస్తే అక్కడ ఏమీ కనిపించదు. అలా జల్లెడ పట్టగా దొరికిన వాటిని అతి మసక మరుగుజ్జులు అంటున్నాం. ఈ పద్ధతికి ఉన్న పెద్ద బెడద ఎంతో దూరాన ఉన్న చిన్న చిన్న గెలాక్సీలు. అవి మసక చిత్రాల్లో తారల్లాగే చుక్కలుగా కనిపించి లెక్కను పాడుచేస్తాయి.

2013 చివరలో ప్రయోగించిన గాయా ఉపగ్రహం దీనికి ఇంకో జల్లెడను జతచేసింది. తారలు ఆకాశంలో ఏ దిశగా ఎంత జరుగుతున్నాయో అది కొలిచింది. గెలాక్సీ ఎంత పలచగా ఉన్నా, దాని తారలన్నీ కలిసి ఒకే దిక్కుకు పయనిస్తాయి. 2018లో ఆంట్లియా 2 ఇలాగే దొరికింది. విస్తీర్ణంలో అది పెద్ద మాగెలాన్ మేఘానికి తీసిపోదు, కాంతిలో మాత్రం దాదాపు 10 వేల రెట్లు తక్కువ. సుమారు 4 లక్షల 20 వేల కాంతి సంవత్సరాల దూరంలో, పాలపుంత పళ్లేనికి చేరువైన దిశలో అది పరచుకుని ఉంది. పళ్లెం దిశలో ధూళి, తారల రద్దీ వల్ల ఎన్ని గెలాక్సీలు మనకు కనిపించకుండా ఉన్నాయో ఊహించుకోవచ్చు. పాలో మఫేయి 1968లో పరారుణ కాంతిలో పట్టుకున్న రెండు గెలాక్సీలు అటువంటివే. వాటిని మొదట మన పొరుగువేనని భావించారు. ధూళి ఎంత కాంతిని మింగేస్తోందో సవరించి చూశాక వాటిని మన గుంపుకు అవతల చేర్చవలసివచ్చింది.

గుమిగూడిన తారలు దొరికాయి సరే, అది గెలాక్సీ అని ఎలా అనగలం? గోళాకార నక్షత్ర గుచ్ఛం కూడా తారల గుంపే కదా. ఒకప్పుడు పరిమాణమే ఆధారం. వందల కాంతి సంవత్సరాల వ్యాసం ఉంటే గెలాక్సీ, పదుల్లో ఉంటే గుచ్ఛం. మధ్యరకాలు దొరకడంతో ఆ గీత చెరిగిపోయింది. బెత్ విల్‌మన్, జే స్ట్రేడర్ 2012లో ఒక నిర్వచనం ప్రతిపాదించారు. గురుత్వంతో కట్టుబడిన తారల గుంపు ప్రవర్తనను, మామూలు పదార్థంతోనూ న్యూటన్ నియమాలతోనూ వివరించలేకపోతే అది గెలాక్సీ అని దాని సారాంశం. కంటికి కనిపించకుండా గురుత్వం మాత్రమే చూపే కృష్ణ పదార్థం అన్న మాటను వారు కావాలనే వాడలేదు. గురుత్వాకర్షణ సిద్ధాంతమే మారాలనేవారికి కూడా ఈ నిర్వచనం ఆమోదయోగ్యంగా ఉండాలన్నది ఉద్దేశం. శాస్త్ర నిర్వచనాల్లో ఇంత మర్యాద అరుదు.

ఆచరణలో దీనికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది వేగాల వ్యాప్తి. గుంపులోని ఒక్కొక్క తార వర్ణపటం తీసి అది మనవైపు ఎంత వేగంతో వస్తోందో, పోతోందో కొలుస్తారు. తారల వేగాల మధ్య తేడా ఎంత ఎక్కువ ఉంటే వాటిని చెదిరిపోకుండా పట్టి ఉంచడానికి అంత ఎక్కువ ద్రవ్యరాశి కావాలి. 1983లో మార్క్ ఆరన్సన్ డ్రాకో మరుగుజ్జులోని మూడంటే మూడు కార్బన్ తారల వేగాలను కొలిచి, అక్కడ కృష్ణ పదార్థం ఎక్కువగా ఉండాలని సూచించినప్పుడు, మూడు తారలతో ఇంత మాటా అని సందేహించినవారే ఎక్కువ. తరువాత కొలిచిన వందల తారలు ఆయన మాటనే బలపరిచాయి. సెగ్వే 1 అనే అతి మసక మరుగుజ్జు ఉదాహరణ ఇంకా తీవ్రమైనది. దాని మొత్తం కాంతి కొన్ని వందల సూర్యుల కాంతికి మించదు. అందులోని తారల బరువే లెక్కవేస్తే వేగాల వ్యాప్తి సెకనుకు 200 మీటర్లు ఉండాలి. కొలిస్తే 4 కిలోమీటర్లకు కాస్త తక్కువగా ఉంది. ఆ తేడాను పూడ్చాలంటే కాంతికి తగిన ద్రవ్యరాశి కన్నా ఎన్నో వందల రెట్లు కావాలి.

రెండో పరీక్ష లోహాంశం. ఖగోళశాస్త్రంలో హైడ్రోజన్, హీలియం తప్ప తక్కినవన్నీ లోహాలే, ఆక్సిజన్ కూడా. రసాయనశాస్త్రం చదివినవారు ఇక్కడ కాస్త ఓర్చుకోవాలి. సూపర్‌నోవా పేలినప్పుడు ఇనుము వంటి మూలకాలు మహావేగంతో చిమ్ముతాయి. చిన్న గుచ్ఛపు బలహీనమైన ఆకర్షణ వాటిని ఆపలేదు కనుక, అక్కడి తారలన్నిటిలో ఇనుము దాదాపు ఒకే పాళ్లలో ఉంటుంది. కృష్ణ పదార్థపు బరువున్న గెలాక్సీ ఆ ఇనుములో కొంత నిలుపుకొని, తరువాతి తరం తారలకు పంచుతుంది. సెగ్వే 1లో సూర్యుడి ఇనుములో వెయ్యో వంతు కూడా లేని తారలతో పాటు పాతికో వంతు దాకా ఉన్న తారలున్నాయి. అంటే ఒకటికి మించిన తరాలు అక్కడ పుట్టాయి. ఇదే పరీక్ష ఒమేగా సెంటారీ విషయంలో తిరకాసు పెట్టింది. కోటి తారలున్న ఆ గోళాకార గుచ్ఛంలో ఇనుము పాళ్లు ఎన్నో రకాలుగా ఉన్నాయి. కాబట్టి అది ఒకప్పుడు పాలపుంత మింగేసిన మరుగుజ్జు గెలాక్సీ గర్భమనే అభిప్రాయం గట్టిపడింది. గుచ్ఛమా, గెలాక్సీయా అంటే, ఒకప్పటి గెలాక్సీకి మిగిలిన గుచ్ఛం అని చెప్పాలి.

మొదట్లో ప్రస్తావించిన కేనిస్ మేజర్ ఈ పరీక్షల్లో ఇరుక్కుపోయింది. పాలపుంత పళ్లెం చదునుగా ఉండదు, అంచుల్లో ఒకవైపు పైకి, మరోవైపు కిందికి వంగి ఉంటుంది. ఆ వంపు ఉన్న దిశలోనే ఈ గుంపు ఉంది. అక్కడ కనిపించే అదనపు తారలు వంగిన పళ్లేనివే అన్న వివరణ సరిపోతుండగా, వేరే గెలాక్సీని ఊహించవలసిన అవసరం లేదని చాలామంది భావిస్తున్నారు. జనరంజక వ్యాసాలు దాన్ని దగ్గరి గెలాక్సీగా రాస్తూనే ఉన్నాయి కాని, ఆ బిరుదును వెనక్కి తీసుకోవడమే న్యాయమని నా అభిప్రాయం.

ఇక పొరుగు అన్న మాటకు హద్దు ఎక్కడ? పాలపుంత, ఆండ్రోమెడా, వాటిని అంటిపెట్టుకున్న చిన్నవాటిని కలిపి హబుల్ 1936లో స్థానిక సమూహం అన్నారు. విశ్వం విస్తరిస్తోంది కనుక దూరపు గెలాక్సీలు మన నుంచి దూరమవుతూ ఉంటాయి. దగ్గరివాటిని మాత్రం గురుత్వం ఆపి వెనక్కి లాగుతుంది. ఆండ్రోమెడా సెకనుకు 300 కిలోమీటర్ల వేగంతో మనవైపు వస్తోందని వెస్టో స్లైఫర్ 1912లోనే కొలిచారు. అందులో సూర్యుడి సొంత కదలికను తీసేస్తే రెండు గెలాక్సీలు ఒకదానికొకటి దగ్గరయ్యే వేగం 110 కిలోమీటర్లు. అవి తప్పక ఢీకొంటాయని ఇటీవలి దాకా నమ్మకంగా చెప్పేవారు. రానున్న వెయ్యి కోట్ల సంవత్సరాల్లో అలా జరిగే అవకాశం సగానికి సగమేనని 2025లో వెలువడిన గణనలు చెబుతున్నాయి. ఢీకొన్నా కొనకపోయినా రెండూ ఒకే సమూహానికి చెందినవే. లోపలికి లాగే గురుత్వం, బయటికి నెట్టే విస్తరణ సరిసమానమయ్యే గోళాన్ని సున్నా వేగపు హద్దు అంటారు. రెండు పెద్ద గెలాక్సీల మధ్య ఉన్న కేంద్రం నుంచి అది సుమారు 30 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని లోపల ఉన్నవి స్థానిక సమూహ సభ్యులు. 43 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ఎన్‌జీసీ 3109, దాని చుట్టుపక్కల ఉన్న సెక్స్‌టాన్స్ ఏ, సెక్స్‌టాన్స్ బీ గెలాక్సీలను పాత పట్టికలు ఈ గుంపులో చేర్చేవి. వాన్ డెన్ బెర్గ్ వాటిని విడిగా, పక్కింటి గుంపుగా లెక్కించారు. సమూహం లోపలి బంధుత్వాలూ తేలికైనవి కావు. హోరోలోజియమ్ 1, కరీనా 2, కరీనా 3, హైడ్రస్ 1 అనే అతి మసక మరుగుజ్జుల కదలికలను గాయా చూపించాక, అవి పాలపుంతకు నేరుగా ఉపగ్రహాలు కావని, పెద్ద మాగెలాన్ మేఘం తన వెంట తెచ్చుకున్న పరివారమని తేలింది.

మళ్లీ మొదటి ప్రశ్నకు వస్తే, ఇటీవల దానికి ఐదో జవాబు కూడా రాబోయి తప్పిపోయింది. సప్తర్షి మండలం దిశలో, 33 వేల కాంతి సంవత్సరాల దూరంలో, ఉర్సా మేజర్ 3 అనే గుంపును ప్రకటించారు. దానిలో కనిపించే తారలు 60 దాకా, వాటి మొత్తం బరువు 16 సూర్యులంత. పదకొండు తారల వేగాలను కొలిస్తే, ఇంత చిన్న గుంపుకు ఉండవలసిన దానికన్నా వ్యాప్తి ఎక్కువ కనిపించింది. అదే నిజమైతే తెలిసిన గెలాక్సీలన్నింటిలో అతి చిన్నది, అతి దగ్గరిది అదే అయ్యేది. అయితే ఆ పదకొండులో ఒకటి రెండు తారలను పక్కనపెడితే ఆ వ్యాప్తి మాయమవుతుందని కనుగొన్నవారే హెచ్చరించారు. కంటికి ఒకటిగా కనిపించే తార నిజానికి జంట అయితే, అది తన జోడీ చుట్టూ తిరిగే వేగం కూడా మన కొలతలో కలిసిపోతుంది. కొంతకాలం ఆగి మళ్లీ కొలిస్తే గాని ఆ సంగతి బయటపడదు. 2025లో కొత్తగా తీసిన వర్ణపటాలతో చూసినప్పుడు, ఉర్సా మేజర్ 3లో కృష్ణ పదార్థానికి గాని, లోహాంశంలో పెద్ద తేడాకు గాని ఆధారం దొరకలేదు. ప్రస్తుతానికి అది నక్షత్ర గుచ్ఛం వైపే మొగ్గుతోంది. వేగాలు, ఇనుము రెండు పరీక్షల్లోనూ నెగ్గి సూర్యుడికి దగ్గరగా ఉన్నవాటిలో, 75 వేల కాంతి సంవత్సరాల దూరంలోని సెగ్వే 1, దాదాపు అంతే దూరంలో చెదిరిపోతున్న ధనూరాశి మరుగుజ్జు మిగిలాయి.